పెరట్లో కోళ్లు, గుడిలో పటాలు

జపాన్ అడవుల్లో పులులు లేవు. అయినా ఆ దేశపు చిత్రకారులు వందల ఏళ్ల పాటు పులుల బొమ్మలు వేస్తూనే వచ్చారు. చైనా నుంచి, కొరియా నుంచి వచ్చిన పటాలు చూసి నకళ్లు తీసేవారు. ఆ నకళ్లకు మళ్లీ నకళ్లు తీసేవారు. 1755లో క్యోటో నగరంలో ఒక చిత్రకారుడు అలాంటి పులినే వేసి, పటం మీద నాలుగు మాటలు రాసిపెట్టాడు. వాటి సారాంశం ఇది: ఎదురుగా ఉన్నదాన్ని చూసి తప్ప నేను బొమ్మ వేయను, మా దేశంలో పులి లేదు, అందుకని ఒక పాత చైనా చిత్రాన్ని అనుసరించాను. బొమ్మ వేసి, ఆ బొమ్మ మీదే సంజాయిషీ ఇచ్చుకోవడమన్నమాట. అంత పట్టింపు ఉన్న మనిషి ఆయన.

ఆయన పేరు ఇతో జకుచు. 1716లో పుట్టి 1800లో కన్నుమూశాడు. పక్షులు, పురుగులు, చేపలు, పూలమొక్కలు ఆయన లోకం. బుద్ధుడు ఆయన దైవం. ప్రకృతిని చూసి బొమ్మలు వేసేవాళ్లు ఎందరో ఉన్నారు. దేవుణ్ణి తలుచుకుని వేసేవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ ఒకే మనిషిలో విడదీయలేనంతగా కలిసిపోతే ఎలాంటి బొమ్మలు వస్తాయో జకుచు దగ్గర చూడవచ్చు. ఈ పూట ఆ సంగతే మాట్లాడుకుందాం.

జకుచు వాళ్లది క్యోటో నడిబొడ్డున నిషికి అనే వీధిలో కూరగాయల టోకు వ్యాపారం. ఇంటికి పెద్దకొడుకు. ఇరవై రెండేళ్లు నిండీ నిండకముందే తండ్రి పోయాడు, దుకాణం నెత్తిన పడింది. పదిహేడేళ్లు నడిపాడు. మనసు పెట్టి నడిపినట్టు మాత్రం కనిపించదు. దైతెన్ అనే బౌద్ధ భిక్షువు ఆయనకు ఆప్తమిత్రుడు. షోకోకుజి అనే పెద్ద జెన్ ఆలయానికి చెందినవాడు, గొప్ప పండితుడు. జకుచు బతికి ఉండగానే ఆయన సమాధి రాతి మీద చెక్కడానికి ఈ దైతెన్ ఒక జీవితకథ రాశాడు. మనకు జకుచు గురించి తెలిసినదాంట్లో చాలా భాగం అందులోంచి వచ్చిందే. చదువు అబ్బలేదు, చేతిరాత బాగుండదు, లోకులు సరదాపడే ఏ వేడుకా ఈయనకు పట్టదు అని స్నేహితుడు నిర్మొహమాటంగా రాసేశాడు. బొమ్మలు వేయడం ఒక్కటే తెలుసు. పెళ్లి చేసుకోలేదు. సన్యాసం పుచ్చుకోకుండానే తల గొరిగించుకుని, మాంసం మాని, ఉపాసకుడిగా బతికాడు. 1755లో దుకాణం తమ్ముడికి అప్పగించి పూర్తిగా బొమ్మల్లో పడిపోయాడు.

బొమ్మలు నేర్చింది ఎలాగంటే, అందరిలాగే నకళ్లు తీసి. మొదట ఆనాటి ఆస్థాన సంప్రదాయమైన కానో పద్ధతి. తర్వాత గుళ్లలో ఉన్న పాత చైనా పటాలు. వెయ్యి దాకా నకళ్లు తీశాడంటాడు దైతెన్. తీసీ తీసీ ఒకనాటికి ఆయనకు ఒక ఆలోచన కలిగింది. ఆ చైనా చిత్రకారులు తమ కళ్లెదుట ఉన్నదాన్ని వేశారు. నేను వాళ్ల బొమ్మను వేస్తున్నాను. అంటే వస్తువుకు నేను ఒక మెట్టు దూరంలో ఉండిపోయాను. మరి ఏం చూసి వేయాలి? పురాణాల్లోని మృగాలు ఎక్కడా లేవు. నెమళ్లు, చిలకలు రోజూ కంటపడవు. ఊళ్లో ఎక్కడ చూసినా ఉండేది కోడి. దాని ఈకల్లో రంగులకు కొదవ లేదు. కాబట్టి కోళ్లనే పెంచి చూద్దాం.

పెరట్లో పదుల కొద్దీ కోళ్లను వదిలాడు. బొమ్మ మొదలుపెట్టడానికి ముందు వాటిని చూస్తూ కూర్చున్నాడు. నడక, తల తిప్పడం, మెడ ఈకలు రిక్కించడం, ఒంటికాలి మీద నిలబడటం, గింజ ఏరేటప్పుడు తోక ఎటు వాలుతుందో అదంతా. తర్వాత గీయడం. అలా ఏళ్లు గడిచాయి. మన గోదావరి జిల్లాల్లో పుంజును దూరం నుంచి చూసి ఇది డేగ, ఇది కాకి, ఇది నెమలి, ఇది సేతువ అని ఈకల రంగును బట్టి చెప్పేసేవాళ్లు ఉంటారు. వాళ్ల చూపూ అంత నిశితమే, కాకపోతే వాళ్ల లెక్క బరిలో ఎవరు గెలుస్తారన్నది. జకుచుకు ఆ లెక్క లేదు. ఆయన వేసిన ఒక పటంలో పదమూడు పుంజులు కిక్కిరిసి ఉంటాయి. ఒకదాని ఈకల తీరు ఇంకొకదానికి ఉండదు. నలుపు, తెలుపు, గోధుమ రంగుల మధ్య ఎర్రని జుట్లు ఎగిసిపడుతుంటాయి. ఒక్క పుంజు మాత్రం మనవైపు సూటిగా చూస్తుంది. కోడి అంత దర్జాగా ఉండగలదని ఆ పటం చూసేదాకా నేను అనుకోలేదు.

దైతెన్ రాసిన కథలోనే పిచ్చుకల ముచ్చట ఒకటి ఉంది. ఒకనాడు బజారులో కాల్చుకు తినడానికి పిచ్చుకలను అమ్ముతున్నారు. జకుచు చూశాడు. పదుల సంఖ్యలో ఉన్న వాటన్నిటినీ కొనేసి, ఇంటి తోటలో వదిలేశాడు. పిట్టలను కొని వదలడం బౌద్ధుల్లో పుణ్యకార్యమే, వింత కాదు. అయితే ఆ పిట్టలే తర్వాత ఆయన పటాల్లోకి వచ్చి వాలాయి. కొర్రకంకుల మీదికి పిచ్చుకల గుంపు దిగే పటం ఒకటుంది. గోధుమ వన్నె పిట్టల నడుమ ఒకే ఒక్క తెల్ల పిచ్చుక ఉంటుంది. ఎందుకు వేశాడో ఆయనే చెప్పాలి.

ఇక అసలు సంగతికి వద్దాం. 1757 ప్రాంతంలో మొదలుపెట్టి దాదాపు పదేళ్లు కూర్చుని పట్టుబట్ట మీద 30 నిలువు పటాలు వేశాడు. ఒక్కొక్కటి దాదాపు మనిషి గుండె ఎత్తు. ప్రాణికోటి రంగుల లోకం అనదగ్గ పేరు ఆ వరుసకు. ఏ ప్రభువూ అడగలేదు, ఏ షావుకారూ బయానా ఇవ్వలేదు. కూరగాయల వ్యాపారం మీద వచ్చిన సొమ్ముతో అత్యంత ఖరీదైన రంగులు కొని, తనకు తాను పెట్టుకున్న పని.

ఈ 30లో నాకు మరీ మరీ ఇష్టమైనది చెరువుగట్టు పటం. పైన సొరతీగ వేలాడుతుంటుంది. కింద నీటి ఒడ్డున కప్పలు, తోకకప్పలు, పాము, సాలీడు, తూనీగలు, గొంగళిపురుగులు, మిడతలు. పదుల రకాల చిన్నాచితకా ప్రాణులు, చాలామంది చూడగానే చెప్పు తీసే ప్రాణులు. కప్పలన్నీ కలిసి ఒకవైపే చూస్తున్నాయి, ఏదో సభకు వచ్చినట్టు. సొర ఆకులకు పురుగు తిన్న చిల్లులు. అంచులు ఎండిపోయి, మచ్చలు పడి, కొన్ని పూర్తిగా మాడిపోయి ఉన్నాయి. ఆ చిల్లులను కూడా పుంజు ఈకలను వేసినంత ఓపికతోనే వేశాడు. అలంకారం కోసం వేసే చిత్రకారుడు మచ్చలేని ఆకును ఎంచుకుంటాడు. ఇక్కడ మాడిన ఆకుకూ, విచ్చుకున్న పువ్వుకూ ఒకే మర్యాద దక్కింది.

చేపల పటాలు రెండున్నాయి. ఒకదాంట్లో ఆక్టోపస్ కాలును పట్టుకుని దాని పిల్ల వేలాడుతూ ఉంటుంది. చూస్తే నవ్వొస్తుంది. ఇంకొకదాంట్లో ఒక మూల చిన్న నీలిచేప ఉంది. ఆ నీలం రంగును ఈ కాలపు శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే ప్రష్యన్ బ్లూ అని తేలింది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రసాయన రంగు అది. జపాన్ అప్పట్లో విదేశాలకు దాదాపుగా తలుపులు మూసుకుని ఉన్న దేశం. జపాన్ చిత్రాల్లో ఆ రంగు వాడకానికి ఇప్పటివరకు తెలిసినవాటిలో ఇది అతి పాతవాటిలో ఒకటి. ఒక చిన్న చేప వన్నె సరిగ్గా కుదరడం కోసం సముద్రాలు దాటి వచ్చిన రంగును సంపాదించాడాయన.

1999లో మొదలై ఆరేళ్లు సాగిన మరమ్మతుల్లో ఈ పటాల వెనక అతికించిన కాగితాలు విప్పి చూశారు. అప్పుడు ఇంకో రహస్యం తెలిసింది. జకుచు పట్టుబట్టకు ముందువైపే కాకుండా వెనకవైపు కూడా రంగు పూశాడు. పట్టు నేత సందుల్లోంచి ఆ రంగు లీలగా బయటికి కనిపిస్తుంది. ఒక పటంలో తెల్లని ఫీనిక్స్ పక్షి ఈకలు బంగారం పూసినట్టు మెరుస్తుంటాయి. తీరా చూస్తే బంగారం రవ్వంత లేదు. వెనక పసుపుమట్టి రంగు, ముందు సన్నటి తెల్లగీతలు, అంతే. వెనకవైపు రంగు వేయడం తూర్పు దేశాల్లో పాత పద్ధతే గానీ, ఇంత లోతుగా వాడుకున్నవాళ్లు అరుదు.

ఇవన్నీ ఎవరి కోసం వేశాడు? 1765లో ఆయన తమ్ముడొకడు చనిపోయాడు. ఆ ఏడాదే అప్పటికి తయారైన 24 పటాలనూ, వాటితోపాటు మరో మూడు పటాలనూ షోకోకుజి ఆలయానికి సమర్పించాడు. తక్కిన ఆరూ తర్వాత ఇచ్చాడు. పేరు కోసం వేసినవి కావివి, ఆలయానికి అలంకారంగా చిరకాలం ఉండాలన్నదే కోరిక అనే అర్థంలో సమర్పణ పత్రం రాశాడు.

ఆ అదనపు మూడు పటాల్లోనే కీలకం ఉంది. నడుమ శాక్యముని బుద్ధుడు. ఒక పక్క సింహం మీద మంజుశ్రీ బోధిసత్త్వుడు, మరో పక్క ఏనుగు మీద సమంతభద్ర బోధిసత్త్వుడు. ఆలయంలో పూజ జరిగే రోజున ఈ మూడూ మధ్యలో తగిలించి, ఇటూ అటూ ఆ 30 పటాలను వరుసగా వేలాడదీసేవారు. ఒక్కసారి ఊహించుకోండి. బుద్ధుడు కొలువుతీరి ఉన్నాడు. ఎదుట ధర్మం వినడానికి కూర్చున్నది రాజులూ భిక్షువులూ కారు. కోళ్లు, పిచ్చుకలు, బాతులు, కప్పలు, గవ్వలు, ఆక్టోపస్‌లు, గొంగళిపురుగులు. పురుగు తిన్న సొరాకు కూడా ఆ సభలో ఉంది. గడ్డీ చెట్టూ సైతం బుద్ధత్వం పొందగలవన్న నమ్మకం జపాన్ బౌద్ధంలో బాగా వేళ్లూనుకున్నదే. దాని మీద గ్రంథాలు రాసినవాళ్లున్నారు, వాదాలు చేసినవాళ్లున్నారు. చదువు అబ్బని ఈ కూరగాయల వ్యాపారి దాన్ని కళ్లకు కట్టాడు.

విచిత్రమేమంటే బుద్ధుడి పటాలను ఆయన పాత చైనా సంప్రదాయపు పటాలను చూసి నకలు తీశాడు. బుద్ధుణ్ణి కళ్లారా చూడలేదు కదా, పులి విషయంలో పెట్టుకున్న నియమమే అక్కడా వర్తించింది అనుకోవచ్చు. దేవుణ్ణి నకలు తీశాడు, కప్పను మాత్రం చూసి వేశాడు. భక్తి ఎక్కడ ఎక్కువ ఖర్చుపెట్టాడో మీరే చెప్పండి.

ఇంత భక్తిని అంటగట్టకండి, డబ్బున్న మనిషి తన నేర్పు చూపించుకోవడానికి వేసిన ఆర్భాటపు బొమ్మలివి అనేవాళ్లూ ఉన్నారు. ఆర్భాటం ఉంది, కాదనను. కొన్ని పటాల్లో రంగు మీద రంగు వచ్చి పడి కళ్లకు ఊపిరాడదు. అయితే నేర్పు చూపించుకోవాలనుకునేవాడు పటాలను కొనేవాళ్ల గోడలకు ఎక్కిస్తాడు గానీ గుడికి ఇచ్చేసి ఊరుకుంటాడా?

ఈయన లోకం పట్టని మనిషి అన్న దైతెన్ మాటను జనం చాలాకాలం అక్షరాలా నమ్మారు. తర్వాత బయటపడిన బజారు కాగితాలు వేరే కథ చెప్పాయి. 1771లో పోటీ బజారువాళ్ల ఎత్తుగడ వల్ల నిషికి బజారుకు అనుమతి ఆగిపోయింది. అప్పటికి జకుచు ఆ వీధి పెద్దల్లో ఒకడు. బొమ్మలు పక్కన పెట్టి అధికారుల చుట్టూ తిరిగాడు, అర్జీలు పెట్టాడు, కూరగాయలు తెచ్చే పల్లెల రైతులను కూడగట్టాడు. మూడేళ్లు పోరాడి 1774లో బజారును తిరిగి తెరిపించాడు. పిచ్చుకల మీద జాలి ఉన్నవాడికి రైతుల గోడు పట్టకుండా ఉంటుందా?

1788లో క్యోటోలో మహా అగ్నిప్రమాదం జరిగింది. నగరంలో చాలా భాగం బూడిదైంది. జకుచు ఇల్లు, బొమ్మలు వేసే గది అన్నీ పోయాయి. డెబ్బై రెండేళ్ల వయసులో మొదటిసారి చేతిలో డబ్బు లేని స్థితి. ఆ తర్వాత నగరానికి దక్షిణాన సెకిహోజి అనే ఆలయం పక్కన చేరి, ఒక కొలత బియ్యానికి ఒక బొమ్మ చొప్పున వేసి ఇచ్చాడు. మన లెక్కలో పద్దెనిమిది లీటర్ల బియ్యం. ఖరీదైన రంగుల కాలం దాదాపుగా ముగిసింది, ఇక ఎక్కువగా నల్ల సిరా బొమ్మలే. ఆ ఆలయం వెనక కొండవాలు మీద బుద్ధుడి జీవిత ఘట్టాలను, ఆయన శిష్యులైన అర్హతులను రాతిలో చెక్కించడానికి నమూనాలు గీసి ఇచ్చాడు. ఆ రాతి బొమ్మల్లో కొన్ని వందలు ఇప్పటికీ వెదురుతోపుల నడుమ ఉన్నాయి.

ఆయన వేసిన సిరా బొమ్మల్లో ఒకటి మనవాళ్లకు తప్పకుండా చెప్పాలి. బుద్ధుడి మహాపరినిర్వాణం. కుశీనగరంలో సాలవృక్షాల మధ్య బుద్ధుడు పడుకుని ఉంటే చుట్టూ శిష్యులు, దేవతలు, జంతువులు రోదిస్తుండే దృశ్యం ఆసియా అంతటా ప్రసిద్ధం. జకుచు పటంలో మనుషులు లేరు, జంతువులూ లేవు. బోర్లించిన బుట్ట మీద ఒక ముల్లంగి పడుకుని ఉంది. అదే బుద్ధుడు. చుట్టూ వంకాయలు, గుమ్మడికాయలు, దుంపలు, పుట్టగొడుగులు, పళ్లు, ఒక్కొక్కటీ ఒక్కో భంగిమలో దుఃఖిస్తున్నాయి. సాలవృక్షాల స్థానంలో మొక్కజొన్న మొక్కలు. మొదట చూస్తే వెక్కిరింతేమో అనిపిస్తుంది. అదేమీ లేదు. తల్లి మరణం తర్వాత ఆమె స్మరణలో వేసి ఉంటాడని కొందరి ఊహ. కూరగాయల మధ్య పుట్టి పెరిగినవాడికి తన దైవాన్ని చూపించడానికి తన దుకాణంలోని సరుకే దొరికింది.

మన అమరావతి స్తూపం మీద తొలినాళ్ల శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ సింహాసనం, బోధివృక్షం, పాదముద్రలు చెక్కి, బుద్ధుడు ఇక్కడున్నాడు, చూసుకోండి అన్నారు. కృష్ణాతీరపు శిల్పుల సంగతి జకుచుకు తెలిసే అవకాశమే లేదు, వాళ్ల కారణాలూ వేరు. కానీ అమరావతి ఫలకాలు చూసిన కళ్లకు క్యోటో ముల్లంగి అంత వింతగా తోచదు.

ఏనుగు మాట కూడా చెప్పాలి. 1729లో వియత్నాం నుంచి తెచ్చిన ఒక ఏనుగును ఆనాటి సైనిక పాలకుడైన షోగన్‌కు చూపించడానికి దేశం మీదుగా నడిపించుకుంటూ, దారిలో క్యోటోకు తెచ్చారు. అప్పటికి జకుచుకు పదమూడేళ్లు. ఊరంతా విరగబడి చూసిన ఏనుగును ఆ కుర్రాడూ చూసే ఉంటాడని చాలామంది నమ్మకం. ఎనభై ఏళ్లు దాటాక ఆయన ఒక తెరల జంట మీద ఒకవైపు తెల్లని ఏనుగునూ, మరోవైపు నల్లని తిమింగలాన్నీ వేశాడు. అవి రెండూ ఎదురెదురుగా ఉంటాయి, నేలా నీరూ ఒకరినొకరు పలకరించుకుంటున్నట్టు. చిన్న గళ్లు గళ్లుగా వేలాది రంగు చదరాలతో జంతువుల సభను చూపే తెరలు కూడా ఆయన పేరు మీద చలామణిలో ఉన్నాయి. వాటిలో కొన్ని నిజంగా ఆయనవేనా అన్న తగువు పండితుల మధ్య తెగలేదు. నా మటుకు నాకు ఆ గళ్ల తెరల కంటే చెరువుగట్టు కప్పలే ప్రాణం.

ఆయన పోయాక ఏమైందో త్వరగా చెప్పి ముగిస్తాను. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో జపాన్ ప్రభుత్వం బౌద్ధాన్ని పక్కకు నెట్టడంతో ఆలయాలు చితికిపోయాయి. 1889లో షోకోకుజి ఆ 30 పటాలను రాజకుటుంబానికి సమర్పించింది. బదులుగా వచ్చిన 10,000 యెన్‌లతో ఆలయం తన భూమిని నిలుపుకోగలిగింది. గుడికి అలంకారంగా వేసినవి గుడినే కాపాడాయి. తర్వాత చాలాకాలం జకుచు పేరు పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1953లో ఒక అమెరికన్ కుర్రవాడు న్యూయార్క్ దుకాణంలో ఒక ద్రాక్షతీగ పటం చూసి, చిత్రకారుడెవరో కూడా తెలియకుండా కొన్నాడు. ఆ కుర్రవాడు జో ప్రైస్. తర్వాత జకుచు చిత్రాల సేకర్తల్లో అగ్రగణ్యుడయ్యాడు. 1970లో నొబువో త్సుజి అనే కళాచరిత్రకారుడి పుస్తకం జపనీయుల కళ్లు తెరిపించింది. 2016లో టోక్యోలో నెల రోజుల ప్రదర్శన పెడితే దాదాపు 4 లక్షల 46 వేల మంది వచ్చారు. కొన్ని రోజుల్లో క్యూలో ఐదు గంటలకు పైగా నిలబడ్డారు. కప్పల కోసం, కోళ్ల కోసం. 2021లో జపాన్ ప్రభుత్వం ఆ 30 పటాలను జాతీయ నిధిగా ప్రకటించింది.

చదువుల కోసం, ఉద్యోగాల కోసం జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. మీలో ఎవరి పిల్లలైనా అక్కడ ఉంటే వాళ్లకు ఈ సంగతి చెప్పండి. అసలు పటాలు టోక్యోలో రాజప్రాసాదపు ఆవరణలోని మ్యూజియంలో ఉన్నాయి. పట్టుబట్ట పాడవుతుందని ఏడాది పొడవునా ప్రదర్శనలో ఉంచరు, ముందుగా కనుక్కుని వెళ్లాలి. అవి దొరక్కపోతే క్యోటోలో నిషికి బజారుకు వెళ్లమనండి. పగలు వెళ్తే ఊరగాయలు, చేపలు, జనం. చీకటిపడి దుకాణాలు కట్టేశాక వెళ్తే దించిన షట్టర్ల మీద జకుచు బొమ్మలు కనిపిస్తాయి. దానికి టికెట్ లేదు.